ముందు బడి నిలబడాలి కదా

'లిటిల్ విమెన్' నవల చదివినవాళ్లకి, లేదా 2019లో వచ్చిన గ్రెటా గర్విగ్ సినిమా చూసినవాళ్లకి, అందులో నలుగురు అక్కచెల్లెళ్లూ గుర్తుంటారు, వాళ్లమ్మ గుర్తుంటుంది. నాన్న అంతగా గుర్తుండడు. కథలో చాలా భాగం ఆయన యుద్ధంలో ఉంటాడు, ఉత్తరాలు రాస్తుంటాడు. ఆ నవల రాసిన లూయిసా మే ఆల్కాట్ సొంత తండ్రి మాత్రం అలా పక్కన పెట్టేయడానికి వీలయ్యే మనిషి కాదు. పేరు బ్రాన్సన్ ఆల్కాట్. (అడయారు దివ్యజ్ఞాన సమాజం ఆల్కాట్ వేరు, ఈయన వేరు.) కనెటికట్‌లో రైతు కుటుంబంలో పుట్టాడు. పెద్దగా చదువుకోలేదు. కుర్రతనంలో దక్షిణాది రాష్ట్రాల్లో ఊరూరా తిరిగి చిల్లర సామాన్లు అమ్మాడు. తర్వాత పంతులయ్యాడు. 1834 సెప్టెంబర్ 22న బోస్టన్‌లో మసోనిక్ టెంపుల్ అనే భవనంలో గదులు అద్దెకు తీసుకుని ఒక ప్రాథమిక పాఠశాల తెరిచాడు. దాన్నే టెంపుల్ స్కూల్ అంటారు.

ఆ బడి అయిదేళ్లు కూడా నడవలేదు. అయినా అది నన్ను కొన్ని నెలలుగా వదలడం లేదు. అందులో ఆల్కాట్ రెండుసార్లు మొండిగా నిలబడ్డాడు. రెండుసార్లూ చుట్టూ ఉన్నవాళ్లు వద్దన్నారు, రెండుసార్లూ వినలేదు, రెండుసార్లూ బడి దెబ్బతింది. మొదటిది తప్పనీ, రెండోది గొప్పదనీ నాకు గట్టిగా అనిపిస్తుంది. మరి మనిషి ఒకడే, మొండితనం ఒకటే అయినప్పుడు, తేడా ఎక్కడుంది? ఈ వ్యాసం దాని గురించి.

ముందు ఆ బడిలో కొత్తేమిటో చెప్పాలి. అప్పటి న్యూ ఇంగ్లండ్‌లో పిల్లల చదువు వెనక ఒక మతభావన ఉంది. మనిషి పాపంతోనే పుడతాడు, కాబట్టి పిల్లవాడి మొండితనాన్ని విరిచి దారికి తేవడమే పెంపకం. తరతరాలుగా పిల్లలు చదివిన 'న్యూ ఇంగ్లండ్ ప్రైమర్'లో మొదటి అక్షరం దగ్గరే ఆదాము పతనం ఉంటుంది. అక్షరాభ్యాసమే పాపంతో మొదలన్నమాట. ఆల్కాట్‌ కూడా క్రైస్తవుడే. కానీ ఆయన లెక్క తిరగబడి ఉంది. పిల్లవాడు దేవుడి దగ్గర్నుంచి ఇప్పుడే వచ్చినవాడు, పెద్దవాళ్లకంటే వాడికే ఆ సంగతులు బాగా గుర్తుంటాయి, కాబట్టి పంతులు చేయాల్సింది లోపల ఉన్నదాన్ని బయటికి రానివ్వడం. ఏసు ఆయనకి అన్నిటికంటే ముందు ఒక గొప్ప ఉపాధ్యాయుడు, ప్రశ్నలతో, కథలతో పాఠం చెప్పినవాడు. అందుకే తరగతి గదిలో ఏసు శిల్పమూ ఉంది, సోక్రటీస్, ప్లేటో, షేక్‌స్పియర్ల విగ్రహాలూ ఉన్నాయి.

ముప్ఫై మంది దాకా పిల్లలు, ఎక్కువమంది ఊళ్లో పేరున్న కుటుంబాలవాళ్లు. ఒక్కొక్కరికీ విడి బల్ల, కుర్చీ. సంభాషణ వేళకి కుర్చీలన్నీ పంతులు చుట్టూ అర్ధచంద్రాకారంలోకి వచ్చేవి. మాటకి స్పెల్లింగు చెప్పగానే సరిపోదు, ఆ మాటకి లోపలి అర్థం ఏమిటో మాట్లాడాలి. డైరీలు రాయాలి. బట్టీ లేదు. ఎలిజబెత్ పీబడీ అనే ఆవిడ లాటిన్, లెక్కలు చెప్పేది, మిగతా సమయంలో ఆల్కాట్‌కీ పిల్లలకీ మధ్య జరిగే మాటలన్నీ కూర్చుని రాసుకునేది. ఆ రాతలతో 1835లో 'రికార్డ్ ఆఫ్ ఎ స్కూల్' అనే పుస్తకం వచ్చింది. బడికి మంచి పేరు తెచ్చింది. ఇప్పుడు హైదరాబాద్ శివార్లలో ఏ ప్రత్యామ్నాయ పాఠశాల బ్రోషర్ తెరిచినా కనిపించే మాటలు, అంటే గుండ్రంగా కూర్చోవడం, భయంలేని చదువు, పిల్లవాడి లోపలి గొంతు వినడం, దాదాపు అన్నీ అక్కడ ఉన్నాయి.

ఆ పుస్తకంలో అందరూ చెప్పుకునే ఘట్టం బెత్తం గురించి. తప్పు చేసిన ఇద్దరు కుర్రాళ్లని పిలిచి, రూళ్లకర్ర చేతికిచ్చి, తన అరచేతి మీద కొట్టమన్నాడు ఆల్కాట్. వాళ్లు మెల్లగా తాకించారు. గట్టిగా కొట్టమన్నాడు. కొట్టారు, ఏడ్చారు. ఒకరి పాపానికి ఇంకొకరు శిక్ష భరించడం అనే క్రైస్తవ భావాన్ని ఆయన తరగతి గదిలో ఆడి చూపించాడు. లూయిసా తర్వాత 'లిటిల్ మెన్'లో ఈ దృశ్యాన్ని వాడుకుంది. చదివినవాళ్లు చాలామంది కరిగిపోతారు.

నేనంతగా కరగలేదు. నేను చదువుకున్నది ఒక చిన్న టౌన్లో ఇంగ్లీషు మీడియం కాన్వెంటులో. పొద్దున ప్రార్థన, తర్వాత మోరల్ సైన్స్, మధ్యలో బెత్తం. ఆ బెత్తాన్ని నేనిక్కడ వెనకేసుకురావడం లేదు. కానీ బెత్తంతో మాకొక ఒప్పందం ఉండేది. హోంవర్కు చేయలేదు, రెండు దెబ్బలు పడ్డాయి, అయిపోయింది. చేతులు నిక్కరుకి రుద్దుకుని ఆటకి పోయేవాళ్లం. లోపల ఏమనుకుంటున్నామో మాస్టారికి అనవసరం. ఆల్కాట్ పద్ధతిలో ఆ 'అయిపోవడం' లేదు. నువ్వు ప్రేమించే మనిషి చేతిని నీ చేత్తోనే వాచేలా కొట్టాక, ఆ బాకీ ఎప్పటికి తీరుతుంది? బెత్తం చర్మం దగ్గర ఆగిపోతుంది. ఈ శిక్ష ఇంకా లోపలికి వెళ్తుంది, పైగా దాన్ని ఎదిరించే వీలు పిల్లవాడికి లేదు. మంచివాడి మీద కోపం తెచ్చుకోవడం ఎలా?

సంభాషణల సంగతీ ఇలాంటిదే. అచ్చయిన వాటిని చదువుతుంటే ముందు ఆశ్చర్యం వేస్తుంది, అయిదారేళ్ల పిల్లలు ఆత్మ గురించి, మనస్సాక్షి గురించి అంత తేటగా మాట్లాడుతున్నారని. పది పేజీలయ్యాక ఇంకోటి కనిపిస్తుంది. ప్రశ్నలు తెరిచి ఉన్నట్టుంటాయి గానీ, అన్నీ ఒకే వైపు వాలి ఉంటాయి. జవాబు ఆయన అనుకున్న వైపు వస్తే సంభాషణ ముందుకు సాగుతుంది, రాకపోతే ప్రశ్న ఇంకో రూపంలో మళ్లీ వస్తుంది. నేను ఉద్యోగంలో ఇంటర్వ్యూలు చేస్తుంటాను. "మీరైతే ఎలా డిజైన్ చేస్తారు?" అని అడిగి, నా బుర్రలో ఉన్న డిజైన్ వచ్చేదాకా హింట్లు ఇచ్చుకుంటూ పోయేవాళ్లని చాలామందిని చూశాను. ఎదుటివాడు బయటికొచ్చి "ఇంటర్వ్యూ బాగా జరిగింది, అన్నీ నేనే చెప్పాను" అనుకుంటాడు. పాతికేళ్లవాడే అలా అనుకుంటే ఆరేళ్లవాడి సంగతేమిటి? ఆదాము పాపాన్ని బట్టీ పట్టిన పిల్లవాడికి అది తన మాట కాదని ఏదో ఒకనాటికి తెలుస్తుంది. తన నోటితోనే చెప్పించిన నమ్మకాన్ని విడదీసి చూసుకోవడం అంతకంటే కష్టం.

మొదటి మొండితనం ఇక్కడే వస్తుంది. ఆల్కాట్ 1836 చివర్లో, 1837 మొదట్లో రెండు భాగాలుగా 'కాన్వర్సేషన్స్ విత్ చిల్డ్రన్ ఆన్ ద గాస్పెల్స్' అచ్చువేశాడు. సువార్తల మీద పిల్లలతో జరిపిన సంభాషణలు. ఏసు పుట్టుక గురించి మాట్లాడుతూ, అసలు పిల్లలు ఎలా పుడతారన్న దగ్గరికి కూడా వెళ్లాయవి. పీబడీ ముందే అభ్యంతరం చెప్పింది. పుట్టుక గురించిన భాగాలు తీసేయమంది. పిల్లల అంతరంగాన్ని అందరి ముందూ ఇలా తవ్వి చూపించడం మీదే ఆవిడకి అనుమానాలున్నాయి. ఆల్కాట్ ఏం చేశాడంటే, ఆ భాగాల్ని అసలు పాఠంలోంచి తీసి, పుస్తకం వెనక విడిగా అచ్చువేశాడు. గొడవ కోసం వెతికేవాడికి పేజీ మడిచి ఇచ్చినట్టయింది.

పత్రికలు విరుచుకుపడ్డాయి. అందులో మూడోవంతు అర్థంలేనిది, మూడోవంతు దైవదూషణ, మూడోవంతు బూతు అని ఒక మతపండితుడు లెక్కగట్టాడు. ఎమర్సన్ ఆల్కాట్ పక్షాన పత్రికకి ఉత్తరం రాశాడు, ఫలితం లేదు. తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించారు. 1837 వసంతంలో బడి సామాన్లు, పుస్తకాలు, ఆ సోక్రటీస్ విగ్రహాలతో సహా వేలానికి పోయాయి. అమ్ముడుపోని పుస్తకాలు చివరికి చిత్తుకాగితాల కింద పోయాయి.

పత్రికల కోపం వేరు, పీబడీ అభ్యంతరం వేరు అని గుర్తుపెట్టుకోవాలి. పత్రికలకి దేవుడి పరువు, ఊరి పరువు ముఖ్యం. ఆ లెక్కన చూస్తే ఆల్కాటే నయం, పిల్లలకి పుట్టుక గురించి తెలిస్తే ఏమవుతుంది? పీబడీ అన్నది పిల్లల వైపునుంచి. ఆ పుస్తకంలో పిల్లలు తమ పేర్లతోనే ఉన్నారు. పసిపాపల ఒంటి గురించి, పుట్టుక గురించి పత్రికలు అందరికంటే ఎక్కువ ఎత్తిచూపిన మాటలు ఒక ఆరేళ్ల అబ్బాయివి. నమ్మిన మాస్టారి ముందు, స్నేహితుల మధ్య అన్న మాటలు. అవి ఊరంతా చదివింది. ఆ అబ్బాయి పేరు పుస్తకంలో ఉంది, నేనిక్కడ రాయను. ఆల్కాట్‌కి ఆ పేర్లు కావాలి. పిల్లల్లో దేవుడు పలుకుతాడని లోకానికి రుజువు చేయాలంటే సాక్షులు కావాలి కదా.

ఈ సంగతి ఇవాళ్టికి పాతదేమీ కాదు. మా పాపకి బడి వెతుకుతూ నేనూ మా ఆవిడా తెల్లాపూర్, నార్సింగి వైపు తిరిగినప్పుడు, ప్రతి బడికీ ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఉంది. ఒక వీడియోలో నాలుగేళ్ల పాప తన భయాల గురించి చెప్తూ ఏడుస్తోంది, టీచర్ దగ్గరికి తీసుకుంటోంది, కింద సంగీతం. టీచర్ ప్రేమ నిజమే అయుంటుంది. ఆల్కాట్ ప్రేమా నిజమే. కానీ పద్ధతి పనిచేస్తోందని చూపించడానికి ఆ ఏడుపు కావాల్సి వచ్చింది.

ఇక్కడ చిన్న విషయం ఒకటి. ఆల్కాట్ మూడో కూతురికి పీబడీ మీద అభిమానంతో ఎలిజబెత్ పీబడీ ఆల్కాట్ అని పేరు పెట్టారు. ఇద్దరూ విడిపోయాక ఆ మధ్య పేరు తీసేసి ఎలిజబెత్ సూయల్ ఆల్కాట్ చేశారు. 'లిటిల్ విమెన్'లో బెత్ ఈ అమ్మాయే. పీబడీ తర్వాత, 1860లో, బోస్టన్‌లోనే అమెరికాలో మొదటి ఇంగ్లీషు కిండర్‌గార్టెన్ తెరిచింది.

రెండో మొండితనానికి వద్దాం. 1837 గొడవ తర్వాత ఆల్కాట్ కొద్దిమందితో, చిన్న చోట బడి మళ్లీ నిలబెట్టుకున్నాడు. 1839లో సూసన్ రాబిన్సన్ అనే నల్లజాతి అమ్మాయిని చేర్చుకున్నాడు. ఆ అమ్మాయిని పంపించేయమని తల్లిదండ్రులు అడిగారు. పంపను అన్నాడు. వాళ్లు తమ పిల్లల్ని తీసుకెళ్లిపోయారు. చివరికి మిగిలింది ఆయన సొంత కూతుళ్లు, ఒక మిత్రుడి బిడ్డ, సూసన్. బడి మూతపడింది.

ఆల్కాట్‌కి ఇలా అవుతుందని తెలియక చేశాడనుకోవడానికి లేదు. ఆయన బావమరిది శామ్యూల్ మే కనెటికట్‌లో ప్రుడెన్స్ క్రాండల్ అనే టీచర్‌కి అండగా నిలబడ్డవాడు. ఆవిడ తన బడిలో సారా హ్యారిస్ అనే నల్లజాతి అమ్మాయిని చేర్చుకుంటే తెల్ల కుటుంబాలు తప్పుకున్నాయి. అయితే నల్లజాతి అమ్మాయిలకే నడుపుతానందావిడ. దాన్ని ఆపడానికి 1833లో రాష్ట్రం ఏకంగా చట్టం చేసింది. ఆవిడ ఒక రాత్రి జైల్లో ఉంది. 1834 సెప్టెంబర్‌లో అల్లరిమూక దాడి చేశాక బడి మూసేసింది. అదే నెలలో టెంపుల్ స్కూల్ తెరుచుకుంది. ఆల్కాట్‌కి ఈ కథంతా ఇంట్లో కథే. ఇక బోస్టన్‌లో నల్లజాతి పిల్లలకి మునిసిపాలిటీ బడులు వేరుగా ఉండేవి. సారా రాబర్ట్స్ అనే చిన్నపిల్ల తరఫున వేసిన కేసు 1850లో ఓడిపోయింది. 1855లో గానీ మసాచుసెట్స్ ఆ వేర్పాటుని చట్టంతో రద్దు చేయలేదు. అంటే ఆల్కాట్ బల్ల చుట్టూ జరిగింది, ఆ రాష్ట్రం చట్టానికి పదహారేళ్లు ముందు.

వెళ్లిపోయిన తల్లిదండ్రుల గురించి కూడా ఆలోచించాలి. వాళ్లు ఛాందసులు కారు. ఆల్కాట్ దైవదూషకుడని ఊరంతా అనుకున్నాక కూడా తమ పిల్లల్ని ఆయన దగ్గరికి పంపినవాళ్లు. దేవుడి గురించి ఎలాంటి ప్రశ్నైనా అడుగు, ఫరవాలేదన్నారు. పక్క కుర్చీలో ఎవరు కూర్చుంటారన్నది మాత్రం దేవుడికంటే పెద్ద ప్రశ్నయింది.

ఇది మనకి తెలియని కథ కాదు. 1866లో ఒంగోలు వచ్చిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గర మొదట్లో పెద్దకులాల పిల్లలు చదువుకున్నారు. మాదిగలు క్రైస్తవంలోకి వస్తున్నారని తెలిసి, వాళ్లని దగ్గరికి తీస్తే మేం రామన్నారు ఊరి పెద్దలు. పలుకుబడి ఉన్నవాళ్లు ముందొస్తే మిగతావాళ్లు వెనక వస్తారన్నది మిషనరీల్లో చాలామంది లెక్క. క్లౌ మాదిగల వైపే ఉండిపోయాడు. పెద్దకులాల పిల్లలు వెళ్లిపోయారు. ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో తర్వాత ఏం జరిగిందో తెలిసినవాళ్లకి, ఎంతమంది ఇళ్లలో మొదటి అక్షరం ఆ నిర్ణయం నుంచి వచ్చిందో తెలుసు.

ఇప్పుడు తేడా దగ్గరికి. మొదటిసారి ఆల్కాట్ తన సిద్ధాంతం నిలబడడం కోసం పిల్లల్ని వాడుకున్నాడు. రెండోసారి ఒక పిల్ల కోసం తన సిద్ధాంతం నడిచే చోటునే వదులుకున్నాడు. బయటినుంచి చూస్తే రెండూ 'రాజీపడని మనిషి' అనే ఒకే బొమ్మ. రాజీపడకపోవడంలో దానంతటదిగా గొప్పేమీ లేదు. దాని ఖర్చు ఎవరి ఖాతాలో పడుతోందన్నదే చూడాలి.

అలాగని రెండోసారి ఖర్చంతా ఆయనే భరించాడా అంటే, అదీ లేదు. బడి పోయాక ఆల్కాట్ మళ్లీ నిలకడైన సంపాదన చూడలేదు. 1843లో ఫ్రూట్‌లాండ్స్ అనే ఆదర్శ సమాజం పెట్టి, చలికాలం గడవకముందే దాన్నీ పోగొట్టుకున్నాడు. భార్య అబిగెయిల్ ఇల్లు నెట్టుకొచ్చింది, తర్వాత బయట పనిచేసింది. అప్పులు తీరింది లూయిసా పుస్తకాలతో. బడి మూతపడేనాటికి లూయిసాకి ఆరేళ్లు. నాన్న చేసిన మంచి పనికి డబ్బు కట్టింది కూతురు. సూసన్ వైపునుంచి చూసినా, తన వల్లే మిగతా కుర్చీలన్నీ ఖాళీ అవుతుంటే ఆ గదిలో కూర్చోవడం ఒక పిల్లకి తేలికా? పీబడీ అప్పటికి లేదు. ఆల్కాట్ బడి మొత్తంలో గొప్ప పాఠం జరిగిన రోజుల్లో, పక్కన కూర్చుని రాసుకునేవాళ్లు లేరు. బహుశా అందుకే అది పాఠంగా మిగిలింది.

మేం చూసిన బడుల్లో ఒకటి క్రైస్తవ దంపతులు నడుపుతున్నది. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు మానేసి, కొన్నదంతా అమ్మి పెట్టారు. అయిదో తరగతి దాకా. వేపచెట్టు, మట్టి, పొద్దున ఒక బైబిల్ కథ, మార్కులు లేవు. చాలా నచ్చింది. లేచేముందు ఆయన్ని అడిగాను: "ఈ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్ల పిల్లలు, పనమ్మాయిల పిల్లలు ఎవరైనా ఉన్నారాండీ మీ దగ్గర?" ఆయన మొహం దాచుకోలేదు. "చేర్చుకోవాలనే ఉందండీ. ఇద్దరు ముగ్గురు పేరెంట్స్‌తో మాట్లాడి చూశాం. అప్పుడే వద్దన్నారు. ముందు బడి నిలబడాలి కదా."

విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడులు ప్రవేశ తరగతిలో పావువంతు సీట్లు పేద, వెనకబడిన వర్గాల పిల్లలకివ్వాలి. మైనారిటీ బడులకి ఆ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు ప్రమతి ట్రస్ట్ కేసులో చెప్పింది. అంటే క్రైస్తవ బడిగా గుర్తింపు పొందిన చోట ఈ ప్రశ్న చట్టం అడగదు. బడి పెట్టినాయన మనస్సాక్షే అడగాలి.

ఆయన మాటని కొట్టిపారేయలేను. మూతపడ్డ బడి ఎవరికీ అక్షరం నేర్పదు. ముప్ఫై మంది పిల్లలు చెట్టు కింద సంతోషంగా చదువుకోవడం చిన్న విషయం కాదు. సూసన్‌ని పంపించేసి ఉంటే ఆల్కాట్ ఇంకో పదేళ్లు ఎంతమందికో బట్టీ బాధ తప్పించేవాడేమో. కానీ ఆ పదేళ్లూ ఆ పిల్లలు కుర్చీలు గుండ్రంగా వేసుకుని మనస్సాక్షి గురించి మాట్లాడుకుంటున్నప్పుడు, తీసేసిన ఒక కుర్చీ సంగతి అందరికీ తెలిసే ఉండేది. పిల్లలు మనం చెప్పేదానికంటే మనం ఎవరిని బయట నిలబెట్టామో చూసి ఎక్కువ నేర్చుకుంటారు. బైబిల్ కథ చెప్పే బడికి ఇది ఇంకా ఇబ్బంది. ఆ కథల్లో బయట నిలబడ్డవాళ్లే ముఖ్యులు.

పైగా "ముందు బడి నిలబడాలి" అన్న మాట ఆయన నోట వచ్చినా, దాన్ని ఆయనచేత అనిపించినవాళ్లు ఎవరు? "అప్పుడే వద్దు" అన్న ఇద్దరు ముగ్గురు పేరెంట్స్. ఫీజు కట్టే మనలాంటివాళ్లు. ఆల్కాట్ బడిని మూయించింది కూడా పత్రికలో, మతపెద్దలో కాదు, ఎమర్సన్‌ని చదివే మంచి తల్లిదండ్రులు. పదిమంది తల్లిదండ్రులు ఆ రోజు పిల్లల్ని తీసుకెళ్లకుండా ఊరికే ఉండిపోయి ఉంటే చాలు, ఆల్కాట్ ఏ త్యాగమూ చేయక్కర్లేదు, లూయిసా ఏ అప్పూ తీర్చక్కర్లేదు. ఒక్కడి వీరత్వం అవసరమైందంటే, పదిమంది చేయాల్సిన మామూలు పని చేయలేదనే.

మా పాపని ఆ వేపచెట్టు బడిలోనే చేరుద్దామని అనుకున్నాం. ఫారంలో చివర 'తల్లిదండ్రుల సూచనలు' అని రెండు ఖాళీ గీతలున్నాయి. మా ఆవిడ రాసింది: "వాచ్‌మన్ల పిల్లల్ని చేర్చుకోండి. మేం ఉంటాం."